జింక్ పొడి, కొబ్బరినూనె

అక్కా,

నిన్న సాయంత్రం ఆరింటికి పాప భుజాలు బొబ్బలెక్కాయి. పొద్దున్నంతా పైకప్పు లేని కొలనులో ఈత సాధన చేసింది. కంగారుపడకు, ఆసుపత్రిలో చేర్చేంత కాదు.

సన్‌స్క్రీన్‌లోని రసాయనాలు రక్తంలోకి వెళ్తాయని నువ్వు పంపిన వార్త చదివి, ఇంట్లో ఉన్న ట్యూబు పారేశాను. ఎండను ఆపుతుందని జింక్ ఆక్సైడ్ పొడి తెచ్చి, కొబ్బరినూనెలో గరిటెతో కలిపి నేనే రాశాను. అది ఉండలు కట్టింది. భుజాల మీద చాలాచోట్ల అంటనే లేదు.

"పిండి కలిపినట్టు కలిపితే ఎలాగమ్మా?" అంది ఇవాళ చర్మం డాక్టరు.

ఆ వార్త అబద్ధం కాదట. కొన్ని రసాయనాలు రక్తంలో కనబడ్డాయి. వాటివల్ల హాని ఉందని మాత్రం ఇంకా తేలలేదు, పరిశోధన సాగుతోంది. ఎండవల్ల హాని ఎప్పుడో తేలింది. అనుమానముంటే కంపెనీలో పరీక్షించి అమ్మే జింక్ క్రీమే రాయమంది.

నీ మీద కోపం లేదు. "పెద్దమ్మ వార్తే పంపింది, వంట చేసింది నువ్వు" అంటోంది పాప. నవ్వుతూనే అంది కానీ, ఈత సంచీ వంకే చూస్తోంది.

ఆదివారం ఈత పోటీలో పాప దిగొచ్చో లేదో శుక్రవారం పదింటికి డాక్టరు చూసి చెబుతుంది. నువ్వూ రా. నీ అనుమానాలన్నీ ఆవిడనే అడుగుదువుగాని.

నీ చెల్లి