లేహ్‌లో గిన్నెడన్నం

మామా,

నువ్వు పోయి ఇవాళ్టికి రెండేళ్లు. మన కూతురు సుజాత సైన్యంలో నర్సయి, నాలుగు రోజుల కిందటే లేహ్‌లో చేరింది. అంత ఎత్తున గాలి పలచబడి ఆకలి చచ్చిపోతుందట. పిల్ల సరిగా తినడం లేదని తెలిసి, ఇంట్లో కూర్చోలేక పొద్దుటి నుంచి జువ్వలదిన్నె రేవు దాకా రెండుసార్లు వెళ్లొచ్చాను.

మధ్యాహ్నం ఫోన్ చేసింది.

“ఆకలి లేకపోయినా కొంచెం కొంచెంగా మాటిమాటికీ తినాలంట మా. నీళ్లు బాగా తాగాలంట.”

“మరి తిన్నావా?”

“నువ్విచ్చిన రొయ్యపొడి కలుపుకుని గిన్నెడన్నం తిన్నా. నాయిన గుర్తొచ్చినాడు. నువ్వు తిన్నావా?”

తిన్నానని అబద్ధమాడాను. ఫోన్ పెట్టేశాక, నీ పటం ముందు పెట్టిన కంచం తీసుకుని, నీ ఎదురుగానే కూర్చుని తిన్నాను.