అడగకముందే చెక్కిన పేర్లు

బావగారికి నమస్కారాలు.

అక్క మంచం దిగడం లేదని, నన్ను చూడాలంటోందని రాశారు. నా ప్రాణమంతా అక్కడే ఉంది. కానీ సెలవు దొరకడం లేదు. మా సమాధి రాళ్ల దుకాణానికి ఇప్పుడు పెద్దాయన కొడుకే యజమాని. "నీ చేతిలో పనితనముంది గానీ నువ్వు ప్రోయాక్టివ్ కాదు. నెలాఖరు దాకా చూస్తా, తర్వాత నీ దారి నీది" అన్నాడు. ఆ మాటకు అర్థమేమిటి? మన రెండిళ్లలో ఇంగ్లీషు మీకే కాస్త వచ్చు.

మీ బావమరిది

తా.క.: అది జబ్బు పేరైతే మందు కూడా రాయండి.

*

ఒరేయ్ బామ్మర్దీ, దీవెనలు.

తొమ్మిదో తరగతి మూడుసార్లు చదివినవాణ్ణి, నాకు తెలియకపోవడమేమిటి? దాహమన్నాక నీళ్లిచ్చేవాడు మామూలు మనిషి. దగ్గు వినగానే తెచ్చేవాడు ప్రోయాక్టివ్. మీ దగ్గరికి జనం మనిషి పోయాక వస్తారు. అంతదాకా ఆగడమెందుకు? మీ వీధిలో డెబ్బై దాటినవాళ్ల పేర్లన్నీ చెక్కి దుకాణం ముందు వరసగా నిలబెట్టు.

నీ బావ

తా.క.: పోయిన తేదీకి చోటు వదులు. అదీ నువ్వే వేస్తే పోలీసులొస్తారు.

*

బావగారికి నమస్కారాలు.

తొమ్మిది రాళ్లు నిలబెట్టాను. తెల్లారేసరికి వీధంతా దుకాణం ముందే ఉంది. దర్జీ తల్లి శాపనార్థాలు పెట్టింది. యజమాని నా సంచి బయట పడేశాడు. ఇంతలో ఎదురింటి మాస్టారు కర్ర ఊతంగా వచ్చి తన రాయి ముందు నిలబడ్డాడు. చాలాసేపు చదువుకుని, "అక్షరాలు పెద్దవి చెయ్యి నాయనా, నాకు ఆనడం లేదు" అన్నాడు.

అంతే. దర్జీ తల్లి తన రాయి మాస్టారి రాయికన్నా పొట్టిగా ఉందని మళ్లీ తగువుకొచ్చింది. బతికుండగా తమ రాయి చూసుకోవాలని ఇప్పుడు పక్కవీధుల వాళ్లూ వస్తున్నారు. యజమాని నా సంచి తనే లోపలికి తెచ్చి, నన్ను మేస్త్రీని చేశాడు. అంతా మీ చలవ.

ఏడాది చివరిదాకా సెలవు మాటెత్తొద్దన్నాడు. అక్కకు మీరే నచ్చచెప్పండి.

మీ బావమరిది

తా.క.: మాస్టారు రోజూ వచ్చి తన రాయి మీద దుమ్ము తుడుచుకుని వెళ్తున్నాడు.

*

ఒరేయ్,

అర్థం సరిగ్గానే చెప్పాను. వాడకమే నీ కొంప ముంచేలా చెప్పాను. ఆ పూటే నిన్ను గెంటేస్తారని, సాయంత్రం బండికి ఇక్కడ దిగుతావని అనుకున్నాను. నీ పక్క కూడా వేసి ఉంచాను. నీకు మేస్త్రీ పని వస్తుందని నేను కలగన్నానా?

మీ అక్క మాటలు తగ్గించేసింది. గుమ్మంలో చప్పుడైతే కళ్లు తెరుస్తుంది. నన్ను చూసి మూసుకుంటుంది. ఇన్నేళ్ల కాపురంలో ఇంత అవమానం పడలేదు. నిన్న ఉండబట్టలేక, "వాడి ఉద్యోగం నేనే తీయిస్తున్నాను, వచ్చేస్తాడు" అన్నాను. కాస్త నవ్వింది. డాక్టరు నా మొహం చూడకుండా ఇంకో వారమే అన్నాడు.

సెలవు అడగకు. కబురు కోసం చూడకు. బయల్దేరు.

బావ

తా.క.: మీ అక్క పేరు మాత్రం ముందే చెక్కకు. ఆ ఒక్క పనికీ చెప్పేదాకా ఆగు.