నేను అనాల్సిన చోట

మే 4, 2009, సోమవారం

లాయరు ఆఫీసు నుంచి ఫోన్. స్టేట్ హౌస్‌లో శాసనసభ కమిటీ ముందు ఒక కొరియన్ ఆవిడ మాట్లాడాలట, ఇంటర్‌ప్రెటర్‌గా వస్తారా అని. ఏ బిల్లు అని అడిగాను. ఆ బిల్లే.

బోస్టన్ పక్కనున్న మా రాష్ట్రంలో వీధిలో నిలబడి ఒళ్ళమ్ముకుంటే నేరం. తలుపు వేసుకున్న గదిలో అయితే కాదు. ఆ సందు ఇప్పుడు మూసేయాలంటున్నారు. ఆ వార్త వచ్చినప్పుడల్లా పేపర్లో పక్కనే కొరియన్ అక్షరాల మసాజ్ స్పా బోర్డు ఫొటో ఒకటి వేస్తారు. ఆ ఫొటో చూసినప్పుడల్లా పేపరు మడిచేస్తాను.

అయినా ఒప్పుకున్నాను. ఆస్పత్రుల్లో, కోర్టుల్లో ఏళ్ళుగా చేస్తున్న పనే.

మా ఆయన బ్యుంగ్‌చోల్ అన్నం దగ్గర సణిగాడు. నీకెందుకొచ్చిన గొడవ, చూసేవాళ్ళకి నువ్వూ వాళ్ళలో ఒకదానివి అనిపిస్తావు అన్నాడు. నవ్వాను. నాకు యాభై నాలుగు.

మే 9, శనివారం

లాయరు ఆఫీసులో ఆవిడని కలిశాను. పేరు గుమ్‌హీ. పొట్టి జుట్టు, చేత్తో అల్లిన స్వెట్టరు. మా చర్చి కాయిర్‌లో నిలబెడితే ఎవరూ వెతికి పట్టుకోలేరు. కూర్చోగానే సంచీలోంచి ఉడికించిన చిలగడదుంప తీసి, తిను అక్కా, వేడిగా ఉంది అంది. ఎవరికి అక్క? ఆ పిలుపు నాకు నచ్చలేదు. దుంప మాత్రం తిన్నాను.

నా మాట యాస పట్టేసింది. మీది గున్‌సాన్ కదూ అక్కా, మాదీ అక్కడే అంది. కాదు, సియోల్ అని అబద్ధం చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. తెలుసు.

ఏం చెప్పబోతోందో లాయరుకి చెప్పింది, నేను ఇంగ్లీషులోకి మార్చాను. పోయినేడాది ఒకడు కత్తి తీశాడట. పోలీసులకి ఫోన్ చేసింది. వచ్చారు, వాణ్ణి పట్టుకెళ్ళారు. "నేను నేరస్తురాలిని కాదు కాబట్టే ఫోన్ చేశాను. రేపు చట్టం వస్తే, కత్తి వాడి చేతిలో, సంకెళ్ళు నా చేతికి. అప్పుడు ఎవర్ని పిలవను అక్కా?"

అదీ ఇంగ్లీషులోకి మార్చాను. జవాబు చెప్పడం నా పని కాదు.

మే 10, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరమ్మగారు బిల్లుకి మద్దతుగా సంతకాలు పెట్టించారు. ఆ ఆడవాళ్ళ కోసమే ఇదంతా అన్నారు. తర్వాత గొంతు తగ్గించి, మన పరువు బజారున పడింది కదమ్మా అన్నారు. ఇంటర్‌ప్రెటర్‌ని కాబట్టి నేను సంతకం పెట్టకూడదు. పెట్టాను.

మే 14, గురువారం

జరిగింది జరిగినట్టు రాయాలి.

హాలు నిండిపోయింది. ముందు డార్లీన్ అనే ఆవిడ బిల్లు కావాలని మాట్లాడింది. పదిహేనేళ్ళప్పుడు ప్రేమించానన్నవాడే మోటల్ గదిలో పెట్టి అమ్మాడట. ఏ చట్టమైనా ఆ రోజు ఆ తలుపు తట్టి ఉంటే నా బతుకు వేరేగా ఉండేది అంది. ఏడ్చాను. ఆమె చెప్పింది అబద్ధమని ఎవరనగలరు? గుమ్‌హీకి చెవిలో చెబితే తనూ కళ్ళు తుడుచుకుంది. పాపం, ఆ పిల్ల నిజమే చెబుతోంది, నా నిజం వేరు అంది.

తర్వాత మా వంతు. ఇంటర్‌ప్రెటర్ తన మాట మాట్లాడకూడదు. ఎదుటి మనిషి నేను అంటే, నేను అనాలి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు. ఎవరి కేన్సరో, ఎవరి దొంగతనమో నా నోటితో నేను అనే చెప్పాను.

గుమ్‌హీ మొదలుపెట్టింది. నేను ఈ పని చేసి బతుకుతున్నాను అంది. మైకులోకి వంగాను. రెండో వరసలో పాస్టరమ్మగారు, పక్కన మా చర్చి వాళ్ళు. హాలంతా గుమ్‌హీని కాదు, నన్ను చూస్తోంది. "ఆమె ఈ పని చేస్తుందట" అన్నాను.

అక్కడ జారాను. ఇక ఆగలేదు.

కమిటీలో దయగల ముఖం ఉన్న ఒక పెద్దాయన అడిగారు, మీకు మరో దారి ఉంటే ఈ పనిలో ఉండేవారా అని. గుమ్‌హీ గలగలా చెప్పింది: "ఉంది కదా సార్! ఆరేళ్ళు చేపల ఫ్యాక్టరీలో చేశాను. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. ఆ దారి వదిలి ఈ దారి నేనే పట్టాను. మీరెవరూ నన్ను ఉద్ధరించక్కర్లేదు. నేను పిలిస్తే పోలీసు రావాలి, అంతే."

నేను ఇలా చెప్పాను: "ఆమెకి మరో దారి లేకపోయింది. ఫ్యాక్టరీలో ఆరోగ్యం పోయింది. పోలీసులు తనని కాపాడాలంటోంది."

జాలి పడితే అసహ్యించుకోరనుకున్నాను. ఆమెనా, నన్నా?

పెద్దాయన తల ఊపారు. మీ ధైర్యానికి కృతజ్ఞతలు, ఈ బిల్లు మీలాంటి వారి కోసమే అన్నారు. గుమ్‌హీ నా మోచెయ్యి పట్టుకుంది. ఆయనేంటక్కా, చావింటికి వచ్చినవాడిలా చూస్తున్నాడు అంది. మీ మాటలు బాగా నచ్చాయట అన్నాను.

మే 15, శుక్రవారం

పేపర్లో వచ్చింది. "నాకు మరో దారి లేదు." కింద ఆమె పేరు.

మే 17, ఆదివారం

పాస్టరమ్మగారు అందరి ముందూ నా చెయ్యి పట్టుకుని, ఆ అభాగ్యురాలికి నోరయ్యావమ్మా అన్నారు. చప్పట్లు కొట్టారు. తలొంచుకుంటే, ఎంత వినయమో అన్నారు.

మే 21, గురువారం

గుమ్‌హీ మా డ్రై క్లీనింగ్ షాపుకే వచ్చింది. పేపరు ముక్క కత్తిరించి ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుంది. నా మాటలు పేపర్లో వచ్చాయట, చదివి వినిపించవా అక్కా, దాచుకుంటాను అంది. వెనకాల మా ఆయన ఇస్త్రీ చేస్తున్నాడు.

చదివాను. ఆ రోజు తను ఏమందో అదే చదివాను, పేపర్లో ఉన్నట్టుగా. చేపల ఫ్యాక్టరీ, కొంకర్లు పోయిన వేళ్ళు, పిలిస్తే రావాల్సిన పోలీసు. ముఖం విప్పారింది. అచ్చం నేనన్నట్టే వేశారక్కా అంది.

జూన్ 2

కమిటీకి ఫోన్ చేద్దామనుకున్నాను. షాపులో రద్దీ.

జూన్ 19

చేయలేదు.

అక్టోబర్ 30, శుక్రవారం

బిల్లు పాసైంది. టీవీలో ఆ పెద్దాయన మాట్లాడుతున్నారు. ఒక కొరియన్ సోదరి తనకి మరో దారి లేదని మా ముందే చెప్పింది అంటున్నారు. మా ఆయన, చూశావా, నీ మాట అక్కడిదాకా వెళ్ళింది అన్నాడు. బాత్రూంలోకి వెళ్ళి కొళాయి తిప్పాను.

నవంబర్ 24, మంగళవారం

కోర్టు నుంచి పిలుపు. కొరియన్, ఒక కేసు. పేరు చెప్పలేదు, నేనూ అడగలేదు. ఊహించకపోలేదు.

గుమ్‌హీయే. ఎడమ కంటి కింద పసుపు, నీలం కలిసిన కమిలిన మచ్చ. వారం క్రితందట. కొట్టినవాడు నవ్వాడట, ఇప్పుడు పోలీసుల్ని పిలువు చూద్దాం అని. పిలవలేదు. నాలుగు రోజుల తర్వాత పోలీసులు వాళ్ళంతట వాళ్ళే వచ్చారు, ఆమె కోసం. ఇదంతా ఆమె లాయరు జడ్జికి చెబుతుంటే విన్నాను.

నేను ఆమె పక్కకి వెళ్ళి నిలబడ్డాను. ఆమె దూరం జరిగింది. ఎంత జరిగిందంటే మా మధ్య ఇంకో మనిషి పట్టేంత. ఆ పేపరు ముక్క ఎవరో చదివి చెప్పేశారని అర్థమైంది.

జడ్జి వాయిదా తేదీ చదవబోతుంటే గుమ్‌హీ కొరియన్‌లో ఏదో గట్టిగా అంది. జడ్జి నా వైపు తిరిగి, ఏమంటున్నారు అని అడిగింది.

గదిలో ఆ మాట తెలిసినవాళ్ళం ఇద్దరమే. ఏదైనా చెప్పి ఉండవచ్చు. నీళ్ళు కావాలంటోందని చెప్పినా నమ్మేవారు. గుమ్‌హీ నన్నే చూస్తోంది. కోపం లేదు. చూద్దాం, ఈసారి ఏం చెబుతావో అన్నట్టుంది.

చెప్పాను. ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పాను.

"నాకు ఈ ఇంటర్‌ప్రెటర్ వద్దు. ఈమె నా నోట్లో తన సిగ్గు పెట్టి మాట్లాడింది. దానితోనే చట్టం చేశారు."

జడ్జి కళ్ళజోడు తీసి, ఇది నిజమేనా అని నన్నడిగింది. నిజమే అన్నాను. ఆ ఒక్క మాటా నాది.

ఫోన్‌లో బోస్టన్ నుంచి ఇంకొకరిని పెట్టారు. నన్ను వెళ్ళమన్నారు. కారిడార్‌లో బెంచీ మీద కూర్చున్నాను. చాలాసేపటికి గుమ్‌హీ బయటికి వచ్చింది. కేసు వాయిదా పడిందని లాయరు ఎవరికో చెబుతున్నాడు. నా ముందు నుంచే వెళ్ళింది. నన్ను ఏమనీ పిలవలేదు.

డిసెంబర్ 6, ఆదివారం

చర్చికి వెళ్ళలేదు. మా ఆయన ఎందుకని అడిగాడు. మొత్తం చెప్పాను. టీవీ కట్టేసి విన్నాడు. ఇది పాస్టరమ్మగారికి తెలుసా అన్నాడు.

తెలుస్తుంది అన్నాను.

టీవీ మళ్ళీ పెట్టాడు.