యూనిట్లు తగ్గిన ఇల్లు

శ్రీహరికోట
09-06-2024

ప్రియమైన రేవతికి,

క్షేమంగా చేరాను. సూళ్ళూరుపేటలో బస్సు దిగితే కాంట్రాక్టరు వ్యాను పంపించాడు. దారి పొడుగునా రెండు పక్కలా నీళ్ళే. పాకాలలో మోటార్లు విప్పుకుంటూ కూర్చునే నన్ను ఇక్కడ అందరూ సూపర్‌వైజర్ సార్ అంటున్నారు, నవ్వొస్తోంది. సిబ్బంది ఇళ్ళల్లో పాత వైర్లు పీకి కొత్తవి వేయించాలి. ఎనిమిది నెలల పని.

ఫోను ఉండగా ఉత్తరమేమిటి అనుకుంటావేమో. మనిద్దరం ఫోనెత్తితే మూడో మాటకే జగడం. మొన్న నువ్వు ఠక్కున పెట్టేశావు కదా! కాగితం మీదైతే ఒకరు ముగించేదాకా ఇంకొకరు ఆగక తప్పదు. అందుకని ఈ ఎనిమిది నెలలూ ఉత్తరాలే రాసుకుందాం.

బయల్దేరిన రోజు జరిగింది మనసులో పెట్టుకోకు. మిట్టమధ్యాహ్నం, కిటికీలోంచి ఎండ పడుతుంటే, వంటింట్లో ట్యూబులైటు వెలుగుతోంది. నాకు ఒళ్ళు మండింది. ఎదురింటి జైతున్‌బీ ఉందని కూడా చూడకుండా, "పట్టపగలు లైటు ఏసుకునేదానివి ఈ పాకాలలో నువ్వొక్కదానివే! కండ్లు యాడ పెట్టుకున్నావు?" అని అరిచేశాను. నువ్వు గోడ తడుముకుని స్విచ్చు ఆపావు. అంతటితో ఊరుకున్నానా? స్టూలెక్కి ఆ ట్యూబు పీకేసి అయిదు వాట్ల బల్బు పెట్టాను. నడవలో బల్బు ఎలాగూ దండగే, అదీ తీసేశాను.

నా చాదస్తం నీకు తెలిసిందే. టీవీని రిమోటుతో ఆపితే సరిపోదు, గోడ దగ్గర స్విచ్చు కూడా ఆపు. ఫ్రిజ్జు తలుపు తీసి ఏం కావాలో అప్పుడు ఆలోచించకు, ముందే ఆలోచించుకుని తియ్యి. బట్టలు వారానికొకసారి ఒకేసారి ఇస్త్రీ చేసుకో. ఎక్కడో ఎవరో భూమిలోకి దిగి బొగ్గు తవ్వితే మనింట్లో ఫ్యాను తిరుగుతోంది రేవతీ, దాన్ని మనుషుల్లేని గదిలో తిప్పితే నాకు కడుపు తరుక్కుపోతుంది.

నెలనెలా మీటరు చూసి యూనిట్లు రాయి. మే నెలలో తొంభై రెండు.

నీ బావ,
ధనశేఖర్


పాకాల
20-06-2024

ప్రియమైన బావకు,

ఉత్తరం అందింది. చదవడానికి పొద్దుటి ఎండలో వాకిట్లో కూర్చోవాల్సి వచ్చింది, ఇంట్లో నువ్వు పెట్టిన మిణుగురు పురుగు చాలక.

పోతూ పోతూ ప్రతి స్విచ్చు బోర్డు మీదా "అవసరమా?" అని చీటీ అంటించి పోయావు కదా, జైతున్‌బీ వచ్చినప్పుడల్లా వాటిని చూసి పడీపడీ నవ్వుతోంది. "మా ఇంటాయన నోటికి కూడా ఒకటి అంటించి పొమ్మను" అంటోంది. ఇంతకీ మిద్దె మీద ట్యాంకు నిండి వీధిలోకి నీళ్ళు పారుతుంటే మోటారు ఆపడం మరిచిపోయి పేపరు చదువుకునేది ఎవరో! ఆ మోటారుకు అంటించలేదేం చీటీ?

ఒక సంగతి రాయాలి, కోప్పడకు. ఎదురుగా ఉన్నది కనిపిస్తోంది గానీ పక్కనున్నది కనిపించడం లేదు. వాకిలి దగ్గర భుజం కొట్టుకుంటోంది. నిన్న గ్లాసులో అనుకుని నేలమీద నీళ్ళు పోశాను. వెలుతురు ఎక్కువుంటే కాస్త నయం. ఆ రోజు మధ్యాహ్నం ట్యూబులైటు వేసుకుంది అందుకే. అప్పుడే చెబుదామనుకున్నాను, జైతున్‌బీ ముందు నువ్వు అలా అరిచేసరికి నోరు పెగల్లేదు.

జులై ఏడు ఆదివారం కాణిపాకంలో ఒక సత్రంలో కంటి పరీక్షలు చేస్తారట. ఒక్క రోజు సెలవు పెట్టి రారాదా? ఇద్దరం పోయి చూపించుకుని, వినాయకుడికి దండం పెట్టుకుని వద్దాం. ఒంటరిగా బస్సెక్కాలంటే ఈమధ్య భయమేస్తోంది.

మీటరు జైతున్‌బీ కూతురు అఖ్సా చూసింది. ఇప్పటికి తగ్గేట్టే ఉందంది.

నీ రేవతి


శ్రీహరికోట
28-06-2024

ప్రియమైన రేవతికి,

కంటి గురించి అంత కంగారెందుకు? యాభై దాటితే ఎవరికైనా మసకలు రావలసిందే. నాకూ సన్న స్క్రూలు కనిపించక అద్దాలు పెట్టుకోలేదా? బల్బు మీద దుమ్ము ఉంటే కూడా వెలుతురు తగ్గుతుంది, గుడ్డ పెట్టి తుడువు. ఏడో తేదీకి మాత్రం రాలేను. ఆ వారమే ఇంజనీర్లు పని చూడటానికి వస్తున్నారు. ఒంటరిగా కాణిపాకం పోయే పని పెట్టుకోకు. దసరాకు వచ్చి చిత్తూరులో నేనే మంచి అద్దాలు చేయిస్తాను.

ఈసారి నీ రాత మాత్రం ఘోరం. ఒక వరస మీద ఇంకో వరస ఎక్కించావు. టీవీ చూస్తూ రాశావా? నా మీద కోపం కాగితం మీద చూపించకు.

ఇంకో సంగతి. మన వీధి సంఘం వాళ్ళు ఆగస్టు పదిహేనున కరెంటు తక్కువ వాడిన ఇంటికి సర్టిఫికెట్ ఇస్తారట. మన పేరు ఇచ్చాను. మన వీధిలో మనకంటే పొదుపు ఎవరికి చేతనవుతుంది? పరువు నీ చేతుల్లో ఉంది.

నీ బావ,
ధనశేఖర్


పాకాల
20-08-2024

ప్రియమైన బావకు,

జవాబు ఆలస్యమైంది. సర్టిఫికెట్ మనింటికే వచ్చింది. జులై నెలకు నలభై ఆరు యూనిట్లు. సంఘం ప్రెసిడెంటు నమ్మక రెండుసార్లు మీటరు చూసుకున్నాడట. వేదిక మీదికి జైతున్‌బీ చెయ్యి పట్టుకుని ఎక్కాను. ఇంత తక్కువ ఎలా వాడారమ్మా అని మైకులో అడిగితే, మా ఆయన నేర్పించాడు అని చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు.

నువ్వు చెప్పినవన్నీ జరుగుతున్నాయి. ఇప్పుడు లైటు వేసుకోవాలన్న ఆలోచనే రావడం లేదు. టీవీ పెట్టడం మానేశాను, రేడియో చాలు. ఇస్త్రీ కూడా చేయడం లేదు. చీర నలిగి ఉందో లేదో ఎవరు చూడొచ్చారు?

మొన్న తిరుపతికి పోయి వచ్చాం, జైతున్‌బీ తోడు వచ్చింది. ఆ సంగతులు నువ్వు వచ్చాక చెబుతాను. దసరా అన్నావు కదా. ఇంకా ముందే రావడానికి వీలవుతుందేమో చూడు బావా. అంతకంటే ఏం రాయమంటావు?

నీ రేవతి


శ్రీహరికోట
02-10-2024

ప్రియమైన రేవతికి,

అఖ్సా, ఇది చదివేది నువ్వేనని తెలుసు తల్లీ. నీ నోటితో చదవాల్సిన మాటలు కావు గానీ, ఒక్కటి కూడా దాటేయకుండా చదువు.

రేవతీ, నీ ఆగస్టు ఉత్తరాన్ని క్యాంటీనులో అందరికీ చదివి వినిపించాను. నలభై ఆరు యూనిట్లంటే వంటాయన గురప్ప నోరు తెరిచాడు. "మనుషులు కాపురముండే ఇల్లేనా సామీ అది?" అన్నాడు. అందరూ నవ్వారు, వాళ్ళతోపాటు నేనూ నవ్వాను. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయే అని ఒకాయన అంటే, నేను తిట్టాక దారికొచ్చిందిలే అన్నాను. ఆ అక్షరాలు నీవి కావని నాకు తట్టలేదు. ఇరవై ఏడేళ్ళు కాపురం చేసినవాణ్ణి, నాకు తట్టలేదు.

ముందే రమ్మన్నావు కదా అని పోయిన శనివారం చెప్పకుండా బయల్దేరాను. తిరుపతిలో బస్సు మారి పాకాలలో దిగేసరికి పొద్దుగూకింది, మబ్బు కూడా పట్టింది. ముందు గదిలో లైటు వెలుగుతోంది. గదిలో ఎవరూ లేరనుకున్నాను. చెప్పులు కూడా విప్పకుండా చెయ్యి దానంతటదే స్విచ్చు మీదికి పోయింది, ఆపేశాను. ఆపాక చూశాను నిన్ను. గోడవారగా కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతున్నావు. గది చీకటైంది. నీ చెయ్యి ఆగలేదు. తల ఎత్తలేదు. అంత పదునైన కత్తి మీద అదే వరసలో కాయ తరవాత కాయ తరుగుతూనే ఉన్నావు.

"అఖ్సా, లైటు ఆపేసినావా అమ్మీ? మంచిపని చేసినావు. మా బావ వస్తే కరెంటు దండగంటాడు" అన్నావు.

నేను నీ ముందే, నాలుగడుగుల దూరంలో నిలబడి ఉన్నాను. నేనని చెప్పడానికి ధైర్యం లేక వెనక్కి తిరిగి గేటు దాటాను. ఎదురింటి మెట్ల మీద జైతున్‌బీ ఉంది. "ఏమప్పా, ఇప్పుడొస్తివా? తిరుపతి ఆసుపత్రిలో నీటికాసులన్నారు. కంటి నరం ఎండిపోయిందంట. కుడికన్ను పూర్తిగా పాయె. కొన్ని నెలలు ముందు తెచ్చింటే ఎంతో కొంత ఆపుండొచ్చని డాక్టరమ్మ అనింది" అని ఇంకా ఏదో చెప్పబోయింది. వినలేకపోయాను. మళ్ళీ బస్సెక్కేశాను. అటువంటి పిరికివాణ్ణి నేను.

యూనిట్లు ఎందుకు తగ్గాయో ఇప్పుడు అర్థమైంది. గుడ్డ పెట్టి బల్బు తుడవమని రాశానే, నాకు అప్పుడేమైంది? ఆ ఏడో తేదీ ఇంజనీర్లు రానే లేదు, ఆ రోజంతా నేను గదిలో పడుకుని నిద్రపోయాను. ఇది నీకు ఎప్పుడూ చెప్పకూడదనుకున్నాను. నన్ను క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది. సూళ్ళూరుపేట అంగడిలో పెద్ద బల్బులు డజను కొన్నాను, ప్రతి గదిలో రెండేసి పెడతాను. అంతకుమించి ఏం చేయాలో నాకు తెలియడం లేదు. పనికి సెలవు చెప్పేశాను. రమ్మంటే వస్తాను, వద్దంటే ముఖం చూపించను.

ధనశేఖర్


పాకాల
09-10-2024

ప్రియమైన బావకు,

రాత అఖ్సాది, మాటలు నావి. దిద్ది రాస్తానంటే వద్దన్నాను, నేను సెప్పింది సెప్పినట్టు రాయమన్నాను.

నీ ఉత్తరం సదవతా సదవతా సగంలో ఈ పిల్ల ఏడ్సింది. నేను ఏడవలేదు, నాకు కోపమొచ్చింది. కన్ను పోయినందుకు కాదు, గేటు తీసుకుని పారిపోయినందుకు.

శనివారం వచ్చింది నువ్వేనని నాకు అప్పుడే తెలుసు. సెప్పులు ఇడవకముందే స్విచ్చు మీద సెయ్యి పెట్టే మనిషి ఇంకెవరుంటారు? లైటు ఆరింది కూడా తెలిసింది. కుడిది పోయింది గానీ ఎడమ కంట్లో ఇంకా రవ్వంత సూపు ఉండాది బావా. జైతున్‌బీ సెప్పబోయింది అదే, నువ్వు నిలబడి ఇంటే కదా! సెయ్యి ఆపకుండా తరిగింది పంతానికి. అఖ్సా అని పిలిచిందీ పంతానికే. ఆ మాట నీకు సురుక్కుమనాలనే అన్నాను. అంటే నువ్వు నోరు తెరుస్తావు, ఎప్పటి మాదిరి జగడానికొస్తావు, ఆ జగడంలో ఇద్దరం అన్నీ సెప్పేసుకుంటాము అనుకున్నాను. నువ్వేమో మాటా పలుకూ లేకుండా పోయినావు. గేటు సప్పుడు ఇన్నాక ఏలు తెగింది. అప్పుడు ఏడ్సినాను.

నా తప్పు లేదనను. ఒకసారి రాసినాను, నువ్వు కాదన్నావు, అంతే, నోరు మూసుకున్నాను. ఆ ఏడో తేదీ జైతున్‌బీ తోడొస్తానన్నా పోలేదు. తీసుకుపోవాల్సినవాడు తీసుకుపోలేదు కదా, ఉండనీ అనుకున్నాను. యూనిట్లు తగ్గినాయని మురిసిపోతాడు, మురవనీ, ఒకరోజు తెలిసి కుమిలిపోతాడులే అనుకున్నాను. నిన్ను ఏడిపించాలని నా కన్ను నేనే పోగొట్టుకున్నాను, సూడు ఎంత తెలివో.

డాక్టరమ్మను అడిగినాను. లైటు తీసేసినందుకు పోలేదమ్మా, జబ్బు వల్ల పోయింది అనింది. నువ్వు అది మోసుకుని తిరగబాకు. కరెంటు దండగ చేయొద్దనడం తప్పని నేను యాపొద్దూ అనను. మనుషుల్లేని గదిలో లైటు వెలగతా ఉంటే నాకూ మనసొప్పదు, ఇన్నేళ్ళు నీతో ఉండి నాకూ అంటుకుంది. కానీ పట్టపగలు ఒక మనిషి లైటు ఎందుకేసుకునిందో అడగాల్సింది కదా. అరిచే ముందు ఒక్క మాట అడిగింటే సెప్పేసుండేదాన్ని.

ఆ డజను బల్బులు అంగట్లో వాపసు ఇచ్చేయ్. నడవలో ఒకటి, వంటింట్లో ఒకటి సాలు.

ఎడమ కంట్లో రోజూ పొద్దునా సాయంత్రం సుక్కలు ఏయాల. ఒక్కపూట తప్పకూడదన్నారు. నేనేసుకుంటే సెంప మీద పడతాయి. ఇన్నాళ్ళూ అఖ్సా ఏసింది, వచ్చే వారం నుంచి పరీక్షలకు చిత్తూరు పోతాది. ఆ ఉన్న సూపు కూడా ఎన్నాళ్ళుంటాదో సెప్పలేమన్నారు.

క్షమించడం గురించి అడిగినావు. కోపం ఇంకా ఉండాది, తగ్గలేదు, తగ్గిందని అబద్ధం సెప్పను. అయినా రా. మొన్నటి మాదిరి పొద్దుగూకినాక రావద్దు. పగలు, ఎండ బాగా కాసేటప్పుడు రా. వాకిట్లో నాకు ఎదురుగా, దగ్గరగా, పక్కకు జరగకుండా నిలబడు. నీ ముఖం సూడాల. ఇన్నేళ్ళు సూసిన ముఖమే కదా, ఇంక సూడకపోయినా ఏమిలే అని మనసుకు సెప్పుకుంటా వచ్చినాను. సాలలేదు బావా.

నీ రేవతి