చెమట ఆగిపోయిన మనిషి

రాజమండ్రి,
మే 2003

బావగారికి,

మీ ఉత్తరం అందింది. మీరు కట్టిస్తున్న బిల్డింగు స్లాబు మీద వడదెబ్బకి పడిపోయిన సువార్తమ్మ ఆస్పత్రిలో ఇంకా కళ్లు తెరవలేదు. మీరేమో ఆమె భర్త లాజరు లేబరాఫీసులో ఫిర్యాదు చెయ్యకుండా నన్ను నచ్చజెప్పమన్నారు. పైగా 'ఎండ నా చేతిలో ఉందా?' అని అడిగారు.

ఎండ మీ చేతిలో లేదు, పని మీ చేతిలో ఉంది. కాంక్రీటు తట్ట మోస్తూ ఆమె కళ్లు తిరుగుతున్నాయంటే మీ మేస్త్రీ పెద్దిరాజు ఏమన్నాడో కూలీలందరూ చెబుతున్నారు. "ఒంటిమీద చెమట చుక్క లేదు, నీకేంటే రోగం? అందరికన్నా నువ్వే చల్లగా ఉన్నావు!" అన్నాడట. మండుటెండలో బరువు మోసే మనిషికి చెమట ఆగిందంటే ఒళ్లు చల్లబడినట్టు కాదు, చేతులెత్తేసినట్టు. ఇంజనీరింగు చదివిన మీరు గొడుగు కింద నిలబడి, "మధ్యలో ఆపితే స్లాబుకి అతుకు పడుద్దయ్యా, కానివ్వండి" అన్నారు. ఆ స్లాబు ఎండకి బీటలిస్తుందని మర్నాడు తడి గోనెలు కప్పించారు. మనిషికి మాత్రం ఓ తడిగుడ్డ దొరకలేదు!

లాజరుకి నచ్చజెప్పక్కర్లేదు. "ఎందుకులెండి బాబూ, రేపు నాకెవరూ పని చెప్పరండి" అని అతను మొదట్లోనే వెనక్కి తగ్గాడు. వెంటపడి ఒప్పించి, నిన్న ఫిర్యాదు రాయించింది నేనే. అతని వేలిముద్ర పక్కన సాక్షి సంతకమూ నాదే.

అక్కయ్యకి ఈ సంగతి మీరే చెప్పండి. ఆ సంతకం ఎందుకు పెట్టానో కూడా చెప్పండి.

మీ బావమరిది