చెక్క అరుగు ముందు పోసిన ఉప్పు

మా పిన్నిని చంపింది ఏనుగు కాదు. ఆ ఏనుగుకు ఉప్పు మప్పిన రిసార్టు యజమాని.

అతిథులు ఫలహారం చేస్తూ కూర్చున్న చోటి నుంచే ఏనుగులు కనబడాలని, భోజనాల చెక్క అరుగు ముందు ప్రతి సీజనూ ఆయన ఉప్పు పోయించాడు. వానలకు పార్కు మూసేయగానే ఆపించాడు. మిగిలిన బస్తాలు తడవకూడదని దుప్పట్లు ఆరేసే గదిలో వేయించాడు. రిసార్టు మొత్తానికి పొడిగా ఉండే గది అదొక్కటే. పిన్ని ఉతికినవి ఆరేసి, ఇస్త్రీ చేసేదీ ఆ గదిలోనే. ఉప్పుకు అలవాటుపడ్డ ఏనుగు వాసన పట్టుకుని వచ్చి గోడ తోసింది. గోడ పిన్ని మీద పడింది. తర్వాత దానికి మనుషుల్ని చంపే ఏనుగని పేరు పెట్టి కాల్చేశారు. దాని పిల్ల ఇంకా మందతో తిరుగుతోంది. గేటు మీద మాత్రం ఆ తల్లి బొమ్మే నేటికీ అతిథులకు స్వాగతం చెబుతోంది.

ఇది తెలియకపోతే కింది మాటలేవీ అర్థం కావు కనుక ముందు రాశాను. ఇక పద్ధతి ప్రకారం: పై రిసార్టులో సఫారీ జీపు ఎక్కి జంతువుల జాడ చూపే పని చేసి, మొన్ననే మానేసిన ఇరవై రెండేళ్ళ నేను, స్థిమితమైన బుద్ధితో, ఎవరి బలవంతమూ ఏ మత్తూ లేకుండా, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. వీడికి మతి చెడిందని మేనేజరు అంటాడు. పిన్ని ఏనుగుతో ఫోటో దిగడానికి బయటికి వెళ్ళిందని చెప్పింది కూడా అతనే. పిన్నికి ఫోనే లేదు.

రేపు పార్కు తెరుస్తారు. తెల్లారేసరికి మంద అరుగు ముందుండాలని ఇవాళ సాయంత్రం ట్రాక్టరులో మళ్ళీ ఉప్పు తెస్తారు. పోసే చోట నేను కూర్చుంటాను. ట్రాక్టరు వచ్చినా లేవను, మంద వచ్చినా లేవను. అందుకే ఈ కాగితం.

1. ఈ వీలునామా అమలు చేయవలసిన బాధ్యత మా జీపుల మెకానిక్ మామది. అడిగితే నవ్వాడు. "ఆస్తి లేనివాడి వీలునామాకి నేను అమలుదారుణ్ణా! పోనీలే అల్లుడూ, కోర్టు మెట్లెక్కే పని తప్పింది" అన్నాడు. తర్వాత చాలాసేపు స్పానరు తుడుస్తూ ఉండిపోయాడు. తుడవడానికి దాని మీద ఏమీ లేదు.

2. నా బైనాక్యులర్ సర్వహక్కులతో మా చెల్లికి, అంటే పిన్ని కూతురికి, చెందవలెను. ఎడమ అద్దంలో బూజు పట్టింది. కుడి కన్నుతో చూసుకోమనండి. చెల్లికి గైడు అవ్వాలని ఉంది. ఆడపిల్లకు అడవిలో ఏం పనని అడిగేవాళ్ళు, పిట్ట కూత విని పేరు చెప్పడంలో ముందు దానితో పోటీకి రండి. చెల్లీ, అతిథుల మీద మాత్రం కోపం పెట్టుకోకు. మన పొయ్యి వెలిగింది వాళ్ళ వల్లే. జంతువు ఎటు పోతే అటు చూడమని చెప్పు, జంతువును దగ్గరికి రప్పించమంటే జీపు దిగిపో.

3. జేబు మీద ఏనుగు బొమ్మ కుట్టిన యూనిఫాం చొక్కా యజమానికి తిరిగి చెందవలెను. ఉతకకుండా ఇస్తున్నాను. ఉతికే మనిషిని ఆయనే లేకుండా చేసుకున్నాడు.

4. అడవి మీద, హక్కుల మీద నేను పోగుచేసిన చిన్న పుస్తకాల కట్ట మొత్తం పార్కు అధికారికి. ఉప్పు పోయడం నేరమని వెళ్ళి చెబితే, "బాబూ, నీ చిట్టి పుస్తకాలు అడవిని నడపవు" అని బిస్కెట్ పెట్టి పంపించారు. బిస్కెట్లు నడుపుతాయి కాబోలు! అట్టల మీద గోధుమరంగు మచ్చలుంటాయి. పిన్ని వేడి ఇస్త్రీపెట్టె వాటి మీదే పెట్టేది. నేను అరిస్తే, "ఒరేయ్ కరపత్రం, లోకాన్ని తర్వాత నిలబెడుదువుగానీ, ముందు ఈ దుప్పటి అంచు పట్టుకో" అనేది. ఆ పేరే నాకు ఊరంతా స్థిరపడింది. మచ్చలున్న పుస్తకాలు అధికారికి ఇవ్వొద్దు. అవి నాతోనే రావాలి.

5. మా బాబాయి సంగతి. ఆయన రిసార్టు డ్రైవరు. ఆ బస్తాలు తన భార్య పనిచేసే గదిలోకి మోసింది ఆయనే. పిన్ని కావాలనే ఏనుగు దగ్గరికి వెళ్ళిందన్న మాట కింద వేలిముద్ర వేసిందీ ఆయనే. నేను కాలర్ పట్టుకున్నాను. విదిలించుకోలేదు. "ఏం చెయ్యమంటావురా? ఉద్యోగం పోతే ఈ క్వార్టరు పోతుంది. పిల్లను ఎక్కడ పెట్టను?" అన్నాడు. దానికి జవాబు నా పుస్తకాల్లో వెతికాను. లేదు. అయినా ఆ వేలిముద్రను నేను ఒప్పుకోను. అప్పటినుంచీ ఆయన గదిలో పడుకోలేక జీపులో ముడుచుకుని పడుకుంటున్నాడు. నా మందపాటి దుప్పటి ఆయనకు చెందవలెను. దీన్ని క్షమించడంగా ఎవరూ అర్థం చేసుకోరాదు. జీపులో చలి ఎక్కువ, అంతే.

6. అన్నిటికంటే ముఖ్యమైనది. నేను ఏనుగు కాలికింద పడి పోతే, నా చావును చూపించి ఆ ఏనుగును గానీ, మందలో మరే ఏనుగును గానీ కాల్చే హక్కు ఎవరికీ లేదు. నా చావు నా సొత్తు. దాన్ని యజమానికి, పార్కు ఆఫీసుకు, పత్రికలకు, ఎవరికీ రాసివ్వడం లేదు. పిన్ని చావును వాళ్ళు అలా వాడుకున్నారు, మేమంతా నోరు మూసుకుని చూశాం. ఆ తల్లి ఏనుగును కాల్చి నేల కూలుస్తుంటే అతిథుల గదుల కిటికీలకు పరదాలు దించారు. మా క్వార్టర్ల కిటికీలకు పరదాలు లేవు.

7. సైకిలు ఎవరికి కావాలంటే వారికి. బ్రేకులు లేవు.

ఇది నా మొదటి వీలునామా. బతికితే మళ్ళీ మంచి కాగితం మీద రాస్తాను.

తేదీ: వానలు వెళ్ళిన తర్వాతి ఆదివారం, పార్కు తెరిచే ముందురోజు, మధ్యాహ్నం.

సంతకం: కరపత్రం అని మీరంతా పిలిచేవాడు.

సాక్షులు: పిన్నితో ఇస్త్రీ చేసే అక్క (గోడ పడినప్పుడు అవతలి గదిలో ఉన్నది). గేటు కాపలా తాత (కళ్ళజోడు లేక చదివించుకుని, రెండుసార్లు విని, సంతకం చేసినవాడు).

సాయంత్రం క్వార్టర్లలో అందరికీ చదివి వినిపించవలసింది:

ఉప్పు పోయడం ఆపితే సరిపోదు. ఇన్నేళ్ళ ఉప్పు మట్టిలో ఇంకిపోయింది; ఆ మట్టి ఉన్నంతకాలం ఏనుగులు వస్తూనే ఉంటాయి, అరుగు దాటినదాన్ని కాలుస్తూనే ఉంటారు. ఆ మట్టి తవ్వి తీసెయ్యాలి. యజమాని ఈత కొలనులో పోద్దామని నా కోరిక. మెకానిక్ మామ ఒప్పుకోలేదు, పాత సిమెంటు ట్యాంకులో పోసి మూత వెయ్యాలన్నాడు. సరే, ఆయన మాటే కానివ్వండి. ఒక్కరు తవ్వితే ఉద్యోగం పోతుంది. అందరూ తవ్వితే అతిథులకు కాఫీ ఇచ్చేవాడు కూడా మిగలడు, ఎవర్ని తీసేస్తాడు? బాబాయి భయానికి నాకు దొరికిన జవాబు ఇదొక్కటే.

రేపు ఉదయం ఆరు గంటలకు, మొదటి జీపు కదలకముందే, చెక్క అరుగు ముందుకు రండి. పార ఉన్నవాళ్ళు పార, లేనివాళ్ళు గంప. మంద అక్కడే ఉంటే, గాలి వాటి మీంచి మీ వైపు వీచే పక్కన, దూరంగా ఆగండి. అవి వెళ్ళాకే దగ్గరికి రండి. నేను నిలబడి ఉంటే నాకూ ఒక పార ఇవ్వండి. లేకపోతే నన్ను పక్కకు జరిపి తవ్వండి. ఆరు గంటలకు.