ఎవరూ ఏమీ అనలేదు గనుక

నిరుద్యోగ భృతి అప్పీళ్లు విచారించు అధికారి వారి సముఖమునకు,
ఈసాల్మి పట్టణ నివాసి, మాజీ లాండ్రీ కార్మికురాలు హిల్కా రౌతియో వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

(అమ్మా అయితే, అమ్మా. తమ సంతకం ఒక గీత, దాని కింద ఇంకో గీత. తేల్చుకోలేకపోయాను.)

విషయం: ఉద్యోగాన్ని "తగిన కారణం లేకుండా, స్వచ్ఛందంగా" వదులుకున్నానని నా భృతిని నిరాకరించిన ఉత్తర్వును పునఃపరిశీలించవలసిందిగా కోరుట గురించి.

సూచిక: సదరు ఉత్తర్వు, అందులో ముఖ్యంగా రెండవ పుటలో "దరఖాస్తుదారును ఎవరూ ఏమీ అనలేదు గనుక" అని మొదలయ్యే వాక్యం.

పై విషయమును పురస్కరించుకొని మనవి చేసుకొనునది ఏమనగా:

1. సదరు వాక్యంతో నాకు ఎలాంటి విభేదమూ లేదు. నన్ను ఎవరూ ఏమీ అనలేదు. అక్టోబరు నుంచి మార్చి దాకా అనలేదు. పొద్దున్నే పలకరింపుగా ఒక మాట అనలేదు, "కాస్త జరుగు" అనలేదు, "నీ బూటు లేసు ఊడింది, చూసుకో" అనలేదు. ఉత్తర్వు రాసినవారు నా కేసును నాకంటే క్లుప్తంగా చెప్పారు. కాకపోతే నేను దేన్ని ఫిర్యాదుగా రాసుకున్నానో, ఫిర్యాదుకు ఆధారం లేదనడానికి వారు దాన్నే రుజువుగా వాడుకున్నారు. ఈ అర్జీ ఆ ఒక్క చిక్కు గురించే.

2. చిక్కు మొదలైన వైనం. మా లాండ్రీకి ఆసుపత్రి దుప్పట్లు, హోటలు బల్లగుడ్డలు, వృద్ధాశ్రమం వారి సర్వం వస్తాయి. తడిగుడ్డను ఒకవైపు అందిస్తే రెండోవైపు ఆరి, ఇస్త్రీ అయి వచ్చే పెద్ద రోలరు మాకొకటి ఉంది. మనిషి చెయ్యి లోపలికి పోకుండా దాని ముందు ఒక అడ్డకడ్డీ ఉంటుంది. దానికి వేలు తగిలితే చాలు, యంత్రం ఆగిపోతుంది. నిరుడు వేసవిలో హోటలు గుడ్డలు కొండలా పేరుకున్నప్పుడు అది ఊరికే ఆగిపోతోందని, లాండ్రీ యజమాని ఓస్మో స్వయంగా పానా పట్టుకొచ్చి ఆ కడ్డీని విప్పేశాడు. సెప్టెంబరులో సైమీ కుడిచెయ్యి లోపలికి పోయింది. సైమీ అంటే రోలరు దగ్గర నా పక్కన నిలబడే మనిషి. ఆ కేక గురించి ఈ అర్జీలో రాయను. అది విషయానికి సంబంధించినది కాదని తమరు కొట్టివేస్తారు, కొట్టివేయడానికి కూడా ఎవరో ఒకరు చదవాల్సి వస్తుంది.

3. కార్మిక భద్రత ఇన్‌స్పెక్టరు వచ్చే రోజు ఉదయం, కాఫీ గదిలో ఓస్మో మా అందరినీ నిలబెట్టి అన్న మాటలు ఇవి:

"చూడండి, ఆ కడ్డీ సైమీయే తీసుకుంది. తొందర్లో ఉండి తీసుకుంది. అంతే. ఇంకోలా చెప్పారంటే రోలరుకి సీలు వేస్తారు. సీలు పడితే మీరంతా ఇంట్లో కూర్చుంటారు, జీతం లేకుండా. అర్థమైందిగా?"

అందరికీ అర్థమైంది. నాకూ అర్థమైంది. నేను వీరనారిని కాను, ఆ ఇన్‌స్పెక్టరు తిన్నగా నా ముందుకొచ్చి "కడ్డీ ఎవరు తీశారమ్మా?" అని అడిగేశాడు, అంతే. నేనైతే ముందు వాతావరణం గురించి అడుగుతాడనుకున్నాను. అబద్ధాన్ని సర్దుకునే వ్యవధి ఇవ్వలేదు. "ఓస్మో" అని నోట్లోంచి వచ్చేసింది. రోలరుకి సీలు పడింది. అందరూ ఇంట్లో కూర్చున్నారు, జీతం లేకుండా. ఓస్మో చెప్పినదాంట్లో ఒక్క అక్షరం అబద్ధం కాలేదు, కడ్డీ సంగతి తప్ప.

4. సీలు తీశాక పనిలోకి వెళ్లాను. అప్పటినుంచి ఎవరూ ఏమీ అనలేదు. ఈ విషయమై తమ ఉత్తర్వులో చూపిన కారణాలకు నా జవాబులు:

(అ) "యంత్రాల రొద వల్ల సహోద్యోగుల మాటలు దరఖాస్తుదారుకు వినబడకపోయి ఉండవచ్చు." అయ్యా, లాండ్రీలో మాట చెవితో వినం. పెదాలు చూస్తాం, కనుబొమలు చూస్తాం. ఆ గోలలోనే మేము ఒకరి అత్తగారి గురించి ఒకరికి ఆమూలాగ్రం చెప్పుకున్నాం. వాళ్లు పెదాలు మూయలేదు, ముఖాలే తిప్పేసుకున్నారు.

(ఆ) "మన దేశంలో పనిచేసే చోట ఎక్కువగా మాట్లాడకపోవడం ఆచారమే, దానిని వైరభావంగా పరిగణించలేము." ఇది నన్ను చాలాసేపు ఆలోచింపజేసింది. మన మౌనం నాకు తెలుసు. నేను తౌనో రౌతియోతో ముప్పై ఏళ్లకు పైగా కాపురం చేస్తున్నాను. చేపల సూపు బాగుందని చెప్పాలంటే ఆయన గిన్నెను నా వైపు జరుపుతాడు. ఇంకా బాగుంటే ఇంకొంచెం గట్టిగా జరుపుతాడు. తొలిమంచు పడే ముందురోజు నా కారుకి చలికాలపు టైర్లు మార్చేసి ఉంటాయి, ఎవరు మార్చారన్న మాట ఇద్దరమూ ఎత్తము. అది మౌనం. అందులో నేనున్నాను. లాండ్రీలో ఉన్నది వేరు. కాఫీ గదిలోకి నేను వెళ్లేదాకా నవ్వులు. నేను కూర్చోగానే అందరికీ ఒకేసారి ఫోనులో పని పడుతుంది. నేను లేచి తలుపు వేయగానే మళ్లీ నవ్వులు. చివరికి కాఫీ పట్టుకెళ్లి బట్టలారే గదిలో నిలబడి తాగాను. ఈ రెంటికీ తేడా ఏ చట్టంలో, ఏ సెక్షను కింద ఉందో నాకు తెలియదు. కానీ తమ ఇంట్లోనూ ఒక తౌనో ఉండే ఉంటాడు. దయచేసి ఒకసారి అటు చూడవలెను.

(ఇ) "తాము దరఖాస్తుదారును ఏమీ అనలేదని సహోద్యోగులందరూ లిఖితపూర్వకంగా ధ్రువీకరించియున్నారు." దీనికి మొదటి అంశంలోనే జవాబిచ్చాను. వారు సత్యసంధులు.

5. మాట లేకపోతే పనికేం నష్టమని తమరు అడగవచ్చు. పెద్ద దుప్పట్లు యంత్రం మడవదు, ఇద్దరు మడవాలి. చెరో రెండు కొసలు పట్టుకొని, లాగి దులిపి, ఎదురెదురుగా నడిచి కొసలు కలపాలి. నా దుప్పటికి రెండో పక్క ఎవరూ రాలేదు. రమ్మని అడిగితే ఆ క్షణానే అందరికీ బుట్టలు మొయ్యాల్సిన పని తగిలేది. ఒక్కదాన్నే మడిచాను, చేతులు ఎంత చాపినా నేను మనిషినే, గద్దను కాను. కొసలు నేలకు తగిలాయి. ఉతికిన గుడ్డ మాసినందుకు ఓస్మో నాకు లిఖితపూర్వక హెచ్చరిక ఇచ్చాడు. తరవాత ఇంకొకటి. లాండ్రీలో నాతో ఎవరైనా సంభాషించారని చూపడానికి నా దగ్గరున్న ఆధారాలు అవే, జతపరిచాను.

ఉద్యోగం వదిలే ముందు యజమానికి ఫిర్యాదు చేయలేదన్నది కూడా నిజం కాదు. చేశాను. ఓస్మో వెంటనే స్పందించి అందరినీ సమావేశపరిచాడు. "ఇక్కడ ఎవరికైనా ఏమైనా చెప్పాలని ఉందా?" అని అడిగాడు. ఎవరూ మాట్లాడలేదు. సమావేశపు నివేదికలో "అభ్యంతరాలు లేవు" అని రాసుకున్నారు. ఆ నివేదిక తమ ఫైలులో ఉంది. తమరు దాన్ని యజమాని సద్భావనకు నిదర్శనంగా పేర్కొన్నారు.

6. ఇక సైమీ సంగతి. ఆమె చెయ్యి కట్టు విప్పాక ఓస్మో ఆమెను రోలరు దగ్గరనుంచి తీసి ఆఫీసులో ఫోన్లెత్తే కుర్చీలో కూర్చోబెట్టాడు. మంచిదే. కానీ సైమీ కూడా నాతో మాట్లాడలేదు. మిగతావాళ్ల సంగతి నేను తట్టుకునేదాన్నేమో. వాళ్ల జీతం నావల్ల పోయింది. ఈమె చేతి కోసం నేను నోరు విప్పాను. ఫిబ్రవరిలో ఒక శనివారం దుకాణంలో కాఫీ పొట్లాల దగ్గర ఎదురుపడింది.

"సైమీ, నువ్వు కూడా నాతో మాట్లాడవా?" అన్నాను.

ఆమె వెనక్కి తిరిగి చూసుకుంది. "నిజం చెప్పావ్, సరే. చెప్పమని నేనడిగానా?" అంది.

"నీ చెయ్యి అట్లా..."

"నా చెయ్యి నాది. దీంతో నాకింకెవరిస్తారు పని? ఓస్మో కుర్చీ ఇచ్చాడు. నీతో మాట్లాడకూడదన్నదే షరతు. నాకే కాదు, అందరికీ అదే చెప్పాడు, ఇంకో మనిషి నోరు జారితే లాండ్రీ అమ్మేస్తానని. ఇప్పుడు తెలిసిందిగా? కోపం పెట్టుకోకు, హిల్కా."

కాఫీ తీసుకోకుండానే వెళ్లిపోయింది. నాకు కోపం రాలేదు. ఇంటికొచ్చి చాలాసేపయ్యాక, ఇవాళ నాతో ఒక మనిషి మాట్లాడిందని తోచి సంతోషమే వేసింది. తమరు ఈ వాక్యాన్ని జతపరచిన వైద్యుని నివేదికతో కలిపి చదువుకోవలెను.

ఆ తరవాతి నెలలో ఒక సాయంత్రం బస్సులో టికెట్టు అడగబోతే నా గొంతు రాలేదు. గాలి మాత్రం వచ్చింది. డ్రైవరు "జలుబా అమ్మా? వేడిగా ఏమైనా తాగండి" అన్నాడు. జలుబు కాదు. పొద్దుటినుంచి వాడలేదు, అంతే. గొంతు కూడా తుప్పు పడుతుందని అప్పుడు తెలిసింది. బస్సులో కూర్చుని, ఎవరూ అడగకపోయినా, మా స్టాపు వచ్చేదాకా నా పేరు నాకు నేను మెల్లగా చెప్పుకున్నాను. మర్నాడు ఓస్మో మూడో హెచ్చరిక పట్టుకొచ్చాడు.

"ఏంటి హిల్కా, నీకు ఇక్కడ ఎవరితో గొడవ? ఎవరైనా ఏమైనా అన్నారా?"

"లేదు."

"మరేంటి?"

ఏప్రాన్ విప్పి, మడిచి (అది చిన్నది, ఒక్కరే మడవవచ్చు), బల్ల మీద పెట్టి వచ్చేశాను. తమరు "స్వచ్ఛందంగా" అన్నది ఈ చర్యనే. ఇంటికి నిప్పంటుకుంటే బయటికి పరిగెత్తినవాళ్లది కూడా ఒకవిధంగా స్వచ్ఛందమే.

7. మౌనం యజమాని ప్రోద్బలంతోనే జరిగిందని చెప్పగల ఒక్క సాక్షిని చూపితే నా కేసు వేరుగా ఉండేదని ఉత్తర్వు చివర దయతో రాశారు. సాక్షి ఉంది. ఎవరో తమకు ఈపాటికి తెలిసిపోయింది. ఆమె పేరు రాయకుండా ఇదంతా చెప్పే ఉపాయం నాకు తట్టలేదు. కానీ ఆమెను విచారణకు పిలవవద్దని నా మనవి. పిలిస్తే ఆమె ఆ కుర్చీ పోగొట్టుకుంటుంది. ఒకసారి ఆమెను అడగకుండా ఆమె తరఫున నోరు విప్పాను, రెండోసారి విప్పను. దీనివల్ల నా అప్పీలు బలహీనపడునని తెలిసే రాయుచున్నాను.

8. చివరి కోరిక ఒకటి. తమ నిర్ణయం ఏదైనా కావచ్చు. అయితే దాన్ని కాగితం మీద పంపకుండా, నన్ను పిలిపించి, ఒక మనిషి చేత నోటితో చెప్పించండి. కాదనే చెప్పించండి, పరవాలేదు. నేను బస్సు ఛార్జీ అడగను.

కావున తమరు ఈ మొరను ఓపికపట్టి కడదాకా చదివి, సదరు ఉత్తర్వులోని "స్వచ్ఛందంగా" అను పదమునైనా తొలగించి న్యాయము చేయుదురని నమ్ముచు, నా మనవిని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు (ఈ మాట మాత్రం స్వచ్ఛందంగానే),
హిల్కా రౌతియో

జతపరచినవి: హెచ్చరికలు మూడు, వైద్యుని నివేదిక ఒకటి.

తా.క.: పై అర్జీని నిన్న రాత్రి బల్ల మీద పెట్టి పడుకున్నాను. ఈ ఉదయం కవరు అంటించబోతుండగా సైమీ వచ్చింది. కోటు కూడా విప్పలేదు.

"మీ ఆయన మా ఇంటికొచ్చాడు," అంది.

"తౌనోనా? ఎందుకు?"

"మంచు తొలిచే బరమా తిరిగివ్వడానికట. అది మాది కాదు హిల్కా, మేమెప్పుడూ మీకు బరమా ఇవ్వలేదు. దాన్ని నా చేతిలో పెట్టి, గుమ్మంలో నిలబడి, 'ఏడో అంశంలో నిన్ను పిలవొద్దని రాసింది' అన్నాడు. అని వెళ్లిపోయాడు."

తౌనో వైపు చూశాను. ఆయన కిటికీలోంచి సరస్సు మీద మంచు ఎంత కరిగిందో శ్రద్ధగా పరిశీలిస్తున్నాడు.

"ఎవర్నడిగి రాశావ్ అట్లా?" అంది సైమీ. "కొట్టెయ్."

"మరి నీ కుర్చీ?"

"కుర్చీ! రోజంతా ఊళ్లోవాళ్లందరితో ఫోన్లో మాట్లాడటం, నువ్వు అటుగా వెళ్తే గోడవైపు తిరగడం. తిరిగీ తిరిగీ మెడ పట్టేసింది నాకు. రమ్మన్న రోజు వస్తాను, అడిగింది చెప్తాను. ముందు కొట్టెయ్ అది. తరవాత కాఫీ పెట్టు."

కాబట్టి ఏడవ అంశం రద్దయినది. తిరిగి రాయడానికి మంచి కాగితం లేదు. తమరే దాని మీద ఒక గీత గీసుకోగలరు. సైమీ ఇప్పుడు కోటు విప్పి నా పక్కనే కూర్చుంది. రోలరు గురించి, ఓస్మో గురించి, తన కూతురు పెంచుకుంటున్న కుక్క గురించి ఊపిరి తీసుకోకుండా చెబుతోంది. ఈ చివరి భాగంలో అక్షర దోషాలేమైనా దొర్లి ఉంటే మన్నించాలి. పక్కన మనిషి మాట్లాడుతుండగా రాయడం నాకు అలవాటు తప్పిపోయింది.